కణం లోపలి కట్టుబాటు

మన ఒళ్లు కోట్ల కోట్ల కణాలతో తయారయింది. కణాలు మామూలు కంటికి కనపడవు. సూక్ష్మదర్శినిలో చూస్తేనే కనపడతాయి. కణం ఒక చిన్న ఇల్లు లాంటిది. దాదాపు ప్రతి కణంలో గుండ్రంగా ఒక గది ఉంటుంది. దాన్ని కేంద్రకం అంటారు.

ఆ గదిలో ఏముంటుంది? సన్నని దారాలుంటాయి. వీటి పేరు డి.ఎన్.ఎ. కణం ఏ పని చేయాలో, ఎప్పుడు రెండుగా చీలాలో ఈ దారాల మీదే రాసి ఉంటుంది. ఒక్క కణంలోని దారాలన్నీ కొసకు కొస కలిపితే సుమారు 2 మీటర్లు. అంటే నాలుగు మూరల పైమాటే! అంత పొడవు ఆ గదిలో ఎలా పట్టింది? కండెకు నూలు చుట్టినట్టు చుట్టుకొని ఉంటుంది.

బిగువుగా చుట్టిన చోట రాతను కణం చదవలేదు. వదులుగా ఉన్న చోట చదువుతుంది. చెరువు తూము సంగతి అనంతసాగరం వాళ్లకు చెప్పాలా? తీసే వేళ తీయాలి. మూసే వేళ మూయాలి. లేకుంటే పైరు పాడవుతుంది. కణంలోనూ అంతే.

రాత చెడినా, చుట్టు తప్పినా కణం అదుపు తప్పవచ్చు. అది ఆగకుండా చీలుతూ పోతే కాన్సరు అవుతుంది. అప్పుడు కేంద్రకం రూపం కూడా మారుతుంది. పెద్దదవుతుంది. వంకరటింకరగా తయారవుతుంది. కేంద్రకం గోడకు లోపల లామిన్లు అనేవి దన్నుగా ఉంటాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో వీణా పర్నాయక్ అనే శాస్త్రవేత్త వీటి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

ఇది తెలిస్తే ఆడవాళ్లకు ఏం లాభం? గర్భసంచి ముఖద్వారం నుంచి కొన్ని కణాలు తీసి, వాటి కేంద్రకాలను చూసే పరీక్ష ఉంది. దాన్ని పాప్ పరీక్ష అంటారు. పాపనికొలావ్ అనే డాక్టరు దీన్ని గురించి 1943లో పుస్తకం రాశారు. దీనికి కోత అక్కర్లేదు. కొద్ది నిమిషాల పని. కాన్సరు కాకముందే కేంద్రకాల్లో తేడా కనిపెట్టవచ్చు. అప్పుడు వైద్యం తేలిక.

ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడిందా? భర్తతో కలిశాక రక్తం పడుతోందా? తెల్లబట్ట నీచు వాసన వస్తోందా? ఇవన్నీ కాన్సరే కావు. అయినా సిగ్గుపడి దాచుకోకూడదు. వెంటనే డాక్టరమ్మకు చెప్పాలి. 30 ఏళ్లు దాటినవాళ్లు ఏ బాధా లేకపోయినా ముఖద్వారం పరీక్ష గురించి ఆసుపత్రిలో అడగాలి.

కాన్సరు శాపం కాదు. తాకితే అంటుకోదు. ఈ పాఠం పక్కింటి అక్కకు కూడా చదివి వినిపించండి.