గల్ఫ్ ఫ్లైట్ ఎక్కుతున్నారా? సిగరెట్ అలవాటుంటే ఈ 12 గంటల లెక్క ముందే తెలుసుకోండి

పట్టిసీమ, పోలవరం, కొవ్వూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్‌కో, దుబాయ్‌కో పనికి బయల్దేరేవాళ్లు పాస్‌పోర్ట్, వీసా, టికెట్ పదిసార్లు చూసుకుంటారు. ఆవకాయ నూనె కారకుండా డబ్బాకి నాలుగు కవర్లు చుడతారు. కానీ సిగరెట్ అలవాటున్నవాళ్లు ఒక్క లెక్క మాత్రం వేసుకోరు. ఇక్కడ ఆర్పేసిన సిగరెట్‌కీ, అక్కడ దిగి వెలిగించే సిగరెట్‌కీ మధ్య ఎన్ని గంటలు?

ఆ లెక్క తెలియకే కొందరు విమానం టాయిలెట్‌లో అగ్గి రాజేస్తున్నారు. తర్వాత జరిగేది పోలీస్ కేసు. కొత్త ఉద్యోగానికి వెళ్తున్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

లెక్క ఇదీ

రాజమండ్రి ఎయిర్‌పోర్ట్ మధురపూడిలో ఉంది. పట్టిసీమ నుంచి కొవ్వూరు మీదుగా వెళ్లొచ్చు. 2024 డిసెంబర్ నుంచి ముంబై, ఢిల్లీకి కూడా నేరుగా విమానాలొచ్చాయి. గల్ఫ్‌కి మాత్రం ఎక్కువమంది హైదరాబాద్ శంషాబాద్ వెళ్లి మారతారు.

రాజమండ్రిలో రెండు గంటల ముందు లోపలికెళ్లాలి. హైదరాబాద్‌కి గంట పైనే. అక్కడ ఇంటర్నేషనల్ ఫ్లైట్‌కి మూడు గంటల ముందు రిపోర్ట్ చేయాలి. గల్ఫ్‌కి నాలుగైదు గంటల ప్రయాణం. దిగాక ఇమిగ్రేషన్ క్యూ, లగేజీ కలిపి ఇంకో గంట. అంతా కలిపితే 11, 12 గంటలు. ఫ్లైట్ లేటైతే అది వేరే.

బస్సులో వెళ్తే దాబా దగ్గర ఆగుతుంది, దిగి కాల్చుకుంటారు. ఎయిర్‌పోర్ట్‌లో ఆ వెసులుబాటు లేదు. మన దేశంలో ఒకసారి టెర్మినల్ లోపలికెళ్లాక 'ఇప్పుడే వస్తా' అని బయటికి రావడం కుదరదు. గేట్ దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లుంటారు. కాబట్టి రెండు ఫ్లైట్లకీ వేర్వేరు టికెట్లుంటే హైదరాబాద్‌లో లగేజీ కోసం ఎలాగూ బయటికొస్తారు, ఆ గ్యాప్ ఒక్కటే దొరుకుతుంది. అప్పుడు కూడా బోర్డు పెట్టిన చోటే కాల్చాలి.

చట్టం ఏం చెబుతోంది?

2003లో వచ్చిన పొగాకు నియంత్రణ చట్టం, అదే కోట్పా, బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించింది. 2008 అక్టోబర్ 2 నుంచి దీని రూల్స్ ఇంకా గట్టిగా అమల్లోకొచ్చాయి. జరిమానా 200 రూపాయల వరకు. సిగరెట్టే కాదు, బీడీ, చుట్ట అన్నీ దీని కిందికే వస్తాయి.

ఇదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. 30 గదులున్న హోటళ్లు, 30 మంది కూర్చునే రెస్టారెంట్లు, ఎయిర్‌పోర్టులు విడిగా స్మోకింగ్ ఏరియా పెట్టుకోవచ్చు. గమనించారా? ఈ మినహాయింపులో ఆర్టీసీ బస్టాండ్ లేదు, రైల్వే స్టేషన్ లేదు. విమానం ఎక్కేవాడికి అద్దాల గది, బస్సెక్కేవాడికి 200 ఫైన్! ఇంకో తమాషా ఏంటంటే, లంక పొగాకుకి పేరున్న ఈ గోదావరి ప్రాంతంలోనే, రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు.

అయితే చట్టం 'పెట్టుకోవచ్చు' అంది తప్ప 'పెట్టాలి' అనలేదు. కాబట్టి ప్రతి టెర్మినల్‌లో రూమ్ ఉంటుందని అనుకోవద్దు. చెకిన్ కౌంటర్‌లోనే అడిగేయండి. ఎయిర్‌పోర్టులకిచ్చిన ఈ మినహాయింపును తీసేయాలని 2020లో కేంద్రం ఒక సవరణ ముసాయిదా కూడా తయారుచేసింది. అది చట్టం కాలేదు.

బయట దేశాల్లో ఒక్కోచోట ఒక్కో రూల్. దుబాయ్, దోహా ఎయిర్‌పోర్టుల్లో స్మోకింగ్ రూములున్నాయి. లండన్ హీత్రూలో సెక్యూరిటీ దాటాక లోపల ఎక్కడా కాల్చనివ్వరు. అమెరికాలోని అట్లాంటా ఎయిర్‌పోర్ట్ 2020 జనవరిలో తన స్మోకింగ్ రూములు మూసేసింది.

రూమ్ ఉంటే పోయేదేముంది, తలుపు వేసేస్తారుగా అంటారా? అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2012లో దీన్ని కొలిచింది. పూర్తి నిషేధం ఉన్న ఎయిర్‌పోర్టులతో పోలిస్తే, ఇలాంటి రూముల తలుపు బయట గాలిలో పొగ కాలుష్యం ఐదు రెట్లు ఎక్కువని తేలింది. ఆ పక్క కుర్చీల్లో పిల్లలతో కూర్చునేవాళ్లూ ఉంటారు. అందుకే నిషేధం వైపు మొగ్గు పెరుగుతోంది.

లైటర్ సంగతి

సిగరెట్ ప్యాకెట్ తీసుకెళ్లొచ్చు. లైటర్, అగ్గిపెట్టె మాత్రం సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు. చెకిన్ బ్యాగులో దాచినా స్కానింగ్‌లో దొరికిపోతుంది, బ్యాగ్ తెరిపిస్తారు. ఇంట్లోనే వదిలేసి వెళ్లడం బెటర్.

వేప్ అయితే అసలు వద్దు. ఈ-సిగరెట్లను మన దేశం 2019లోనే నిషేధించింది. దిగుమతి చేస్తే మొదటిసారికే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దుబాయ్‌లో షాపుల్లో అమ్ముతున్నారు కదా అని తమ్ముడి కోసం ఒకటి కొనుక్కొస్తే, దిగగానే కస్టమ్స్‌లో చిక్కే.

టాయిలెట్‌లో ఒక్కటి కాలిస్తే ఏమవుతుంది?

పొగ డిటెక్టర్ మోగుతుంది. క్రూ వస్తారు, పైలట్‌కి చెబుతారు, దిగేసరికి సెక్యూరిటీ వాళ్లు ఎదురుచూస్తుంటారు. 2023 మార్చిలో లండన్ నుంచి ముంబై వస్తున్న ఎయిరిండియా విమానం టాయిలెట్‌లో సిగరెట్ కాల్చాడని ఒకరిపై కేసు పెట్టారు. కోర్టు 25 వేలకి బెయిల్ ఇస్తే, ఆ సెక్షన్‌కి 250 రూపాయలే అని నెట్‌లో చూశానంటూ కట్టనన్నాడు. జైలుకి పంపారు. ఇవి కాక, గొడవ చేసే ప్రయాణికుల కోసం 2017లో తెచ్చిన నో ఫ్లై రూల్స్ కింద విమానం ఎక్కకుండా నిషేధం కూడా పడొచ్చు.

ఇంత కఠినం ఎందుకంటే, 1973 జులైలో పారిస్ దగ్గర వారిగ్ అనే బ్రెజిల్ కంపెనీ విమానంలో టాయిలెట్‌లో మంట మొదలై 123 మంది చనిపోయారు. చెత్తబుట్టలో వేసిన సిగరెట్టే కారణమై ఉంటుందని అనుమానం. ఇప్పటికీ విమానం టాయిలెట్ తలుపు దగ్గర చిన్న యాష్‌ట్రే కనిపిస్తుంది. కాల్చమని కాదు! ఎవడైనా రూల్ తప్పి కాలిస్తే, ఆ పీక కాగితాల్లో పడకుండా.

మరి ఆ 12 గంటలు గడిచేదెలా?

ఒంట్లోని నికోటిన్ దాదాపు రెండు గంటలకి సగమైపోతుంది. అందుకే హైదరాబాద్‌లో ఎక్కేటప్పటికే చిరాకు, తలనొప్పి, కుదురు లేకపోవడం మొదలవుతాయి. పక్క సీటువాడి మోచెయ్యి తగిలినా కోపమొస్తుంది. ఇది మీ మనస్తత్వం కాదు, నికోటిన్ లేకపోవడం.

2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే వెక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గన పెట్టేయాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. నమలడానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగొద్దు. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగే వాడాలి. విమానంలోనే మొదటిసారి ప్రయత్నించకుండా, వారం ముందు ఇంటి దగ్గర ఒకటి నమిలి చూడండి, పడుతుందో లేదో తెలిసిపోతుంది.

అసలు మానేద్దాం అనుకుంటే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356. ఫోన్ ఉచితం. నెంబర్ రాసుకోనక్కర్లేదు, సిగరెట్ ప్యాకెట్ మీదే ఉంటుంది.