ఎండకడలిలో నీడదీవి

దీవి అనగా నలుదిక్కుల నీరు గల భూమి యని చిన్ననాట బడిలో వల్లించినాము. తనకల్లు ప్రాంతములో ఆ నిర్వచనమును తలక్రిందులు చేయవలసి యుండును. ఇక్కడ నలుదిక్కుల ఉన్నది ఎండ. దీవి యనదగినది నీడ. అటువంటి దీవి యొకటి తనకల్లుకు ఈశాన్యముగా, సైకిలుమీద ఒకపూట ప్రయాణములో ఉన్నది. అదే గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను.

అమెరికాలో హ్యూరన్ సరస్సునడుమ మాకినాక్ అను చిన్న దీవి కలదు. గుఱ్ఱములు బెదరుచున్నవని 1898లో అక్కడివారు మోటారుబండ్లను నిషేధించిరి. ఆ కట్టుబాటు నేటికిని చెల్లుచున్నది. విహారమునకు వచ్చినవారు దీవిచుట్టూ ఉన్న పదమూడు కిలోమీటర్ల బాటపై సైకిలుమీదనో, గుఱ్ఱపుబండిలోనో, కాలినడకనో తిరుగుదురు. మన మర్రిమానుకు అట్టి శాసనము లేదు. ఉండవలెనని నా కోరిక. కారణము ముందు చెప్పెదను.

తనకల్లు కదిరి-మదనపల్లె రహదారిపై ఉన్న ఊరు. లారీలు తరుముకొనివచ్చు ఆ రహదారిపై సైకిలువానికి సుఖము లేదు. దానిని విడిచి పల్లెదారి పట్టిన తరువాతనే దేశము కనబడును. ఎఱ్ఱనేల, వేరుసెనగ చేలు, ఎవరో పేర్చినట్లున్న బండరాళ్ల గుట్టలు. ఊళ్ల పేర్లు చూడుడు: నల్లచెరువు, ములకలచెరువు, నంబులపూలకుంట. పేరులోని నీరు చెరువులో ఏటేటా నిలువదు. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు సీమ యిది. అదియు రైతు కోరిన నెలలో పడునన్న నమ్మకము లేదు. కారులో పోవువానికి ఇదంతయు అద్దమవతల జారిపోవు బొమ్మ. సైకిలువానికి మాత్రము ప్రతి మిట్టయు తొడలలో తెలియును, ప్రతి పల్లమును ముఖమునకు తగులు గాలిలో తెలియును.

నంబులపూలకుంట ప్రాంతములో మరియొక వింత. 2016 నుండి అక్కడ 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము పనిచేయుచున్నది. మైళ్లకొలది నల్లని పలకలు ఆకాశమువంక ముఖమెత్తి నిలిచియుండును. పైరు నెండబెట్టిన సూర్యునే పైరుగా పండించుట! ఆ పలకల సీమకును చెట్టునీడకును అంత దూరము లేదు.

మర్రిమాను దూరమునుండి చెట్టువలె కనబడదు, చిన్న అడవివలె కనబడును. దాదాపు అయిదెకరాలు క్రమ్ముకొన్న ఈ వృక్షము 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. కొమ్మల విస్తీర్ణము 19,107 చదరపు మీటర్లు. చుట్టుకొలత 846 మీటర్లు. కర్ణాటకకు చెందిన రిగ్రెట్ అయ్యర్ అను పత్రికా రచయిత దీనిని లోకమునకు ఎరుకపరచినవాడు. వేయికి పైగా ఊడలు స్తంభములై నిలిచి కొమ్మల భారమును మోయుచున్నవి. ఏది మొదటి మానో, ఏది ఊడయో కంటికి తెలియదు.

భర్త చితిలో సహగమనము చేసిన తిమ్మమ్మ అను సాధ్వి కథను ఇక్కడివారు చెప్పుకొందురు. చితికి నాటిన గుంజ చిగిర్చి ఈ మానైనదట. అది పదునైదవ శతాబ్దపు మాట. సంతానము లేని దంపతులు వచ్చి మ్రొక్కుకొందురు. శివరాత్రికి జాతర జరుగును. స్త్రీని నిప్పునకు అప్పగించిన ఆచారమును నేను కొనియాడజాలను. ఆ బూడిదనుండి ఇంత నీడ పుట్టినదని ఊహించుకొన్న జనుల మనస్సును మాత్రము గౌరవింతును.

ఇక కోరికకు కారణము. మఱ్ఱిచెట్టు బ్రదుకు ఊడలలో ఉన్నది. నేలకు దిగిన ఊడ వేరూని బలియవలెను. లేనిచో కొమ్మ తన బరువుతో తానే విరుగును. అందుకే చెట్లను సాకువారు లేతఊడలను చీల్చిన వెదురుబొంగులలో మట్టియు ఎరువును నింపి నేలకు దింపుదురు. బండ్ల చక్రములు, జనుల పాదములు అదిమి గట్టిపరచిన నేలలో ఆ లేతవేరు చొరబడుట కష్టము. మహబూబ్‌నగర్ పిల్లలమఱ్ఱి మనకు దగ్గరి పాఠము. చెదలు తొలిచి కొమ్మ విరిగిపడగా 2017 డిసెంబరులో అక్కడికి సందర్శకులను రానీయకుండ నిలిపివేసిరి. 2018లో ఆ మానుకు రోగికి ఎక్కించినట్లు సీసాలతో మందు ఎక్కించవలసివచ్చినది. గూటిబయలులో ఆ దినము రాకమునుపే, మోటారుబండ్లను ఒక మైలు ఇవతలనే ఆపి, అక్కడినుండి అద్దెసైకిళ్లు ఏర్పరచినచో ఎవరికి నష్టము? నడువలేని వృద్ధులకు ఒంటెద్దుబండి ఉండనే ఉండును. సైకిళ్లు అద్దెకిచ్చుకొను పల్లె కుఱ్ఱవాండ్రకు నాలుగు రూకలు దొరకును.

పోదలచినవారు పుష్య మాఘములలో పోవుడు. ఆషాఢమున పడమటిగాలి తనకల్లునుండి పోవునప్పుడు వీపు తట్టి నడిపించును గాని, తిరిగి వచ్చునప్పుడు ఆ బాకీ వడ్డీతో వసూలు చేసికొనును. సర్కారుతుమ్మ ముండ్లు దారిపొడవునా ఉండును కనుక గాలిపంపు, అతుకుముక్కలు, జిగురు సంచిలో వేసికొనుడు. నీళ్లసీసాలు రెండు చాలవు, మూడు కావలెను.