ఒకే పువ్వు, ఒకరికే వాసన... ఎందుకు?

ఆర్కిడ్లకు వాసన ఉండదని చాలామంది అనుకుంటారు. నిజం కాదు. ఐస్‌క్రీముల్లో వేసే వెనిల్లా ఒక ఆర్కిడ్ తీగకు కాసే కాయే! మధ్య అమెరికాలో పెరిగే బ్రాసవోలా నోడోసా పువ్వుకు పగలు ముక్కు ఆనించినా పెద్దగా వాసన రాదు. చీకటి పడగానే గుప్పుమంటుంది. దానిమీద వాలే చిమ్మటలు తిరిగేది రాత్రిపూటే మరి.

అయినా పూల వాసన అందరికీ ఒకేలా తెలియదు. మన ముక్కులో వాసనల్ని పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటి జన్యువుల్లో మనిషికీ మనిషికీ తేడాలుంటాయి. వయొలెట్ పూలలో ఉండే బీటా అయనోన్ అనే పదార్థం సంగతే చూడండి. ఓఆర్5ఏ1 అనే ఒక్క జన్యువులో చిన్న మార్పు చాలు: ఒకరికి కమ్మని పూల పరిమళం, ఇంకొకరికి పుల్లటి వాసన, లేదంటే ఏమీ తెలియదు. అలా తెలియనివాళ్ల ముక్కులో లోపమేమీ లేదు. మల్లెల్ని మాత్రం చక్కగా పసిగట్టేస్తారు.