పడవల కోసం తవ్విన కాలువకు రేవులేవీ?

రాయచోటి: వానలు గట్టిగా పడితే తప్ప మాండవ్య నదిలో నీళ్లు కనిపించని ఈ ప్రాంతంలో పడవల మాట ఎత్తితే నవ్వేవాళ్లే ఎక్కువ. ఏరు దాటాలంటే చెప్పులు చేతబట్టుకుంటే చాలుననుకునే సీమ యిది. అయినా ఆంధ్రదేశంలో పడవ ప్రయాణం కోసం తవ్విన పెద్ద కాలువల్లో ఒకటి ఈ ఎండు నేలమీదే వుంది. అదే కర్నూలు - కడప కాలువ. రైతులు కె.సి. కెనాల్ అని పిలిచే కాలువ అది.

తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఆంగ్లేయుల కంపెనీ 1863లో పని మొదలుపెట్టింది. 1871 నాటికి కడప దాకా కాలువ వచ్చింది. పొడవు మూడు వందల కిలోమీటర్లకు పైమాటే. ఇటు పొలానికి నీరు, అటు సరుకుకు దారి, రెండూ ఒకే కాలువతో జరగాలన్నది ఆర్థర్ కాటన్ కాలపు ఆలోచన. కర్నూలులో హంద్రీ నది మీదుగా వంతెన కట్టి దానిపై కాలువను దాటించారు. సంతజూటూరు, రాజోలి, ఆదినిమ్మాయపల్లె ఆనకట్టల నీటిని కూడా కలుపుకుంటూ కాలువ పెన్న దాకా వచ్చింది. నేల పల్లమైన చోటల్లా లాకులు కట్టారు. పడవ లాకులోకి రాగానే వెనుక తలుపు మూసి, ముందు తలుపు సందుల్లోంచి నీరు వదిలితే పడవ మెల్లగా దిగువ మట్టానికి చేరుతుంది. పైకి పోవాలంటే అదే పని తిరగేసి చేస్తారు. గోదావరి డెల్టా వాళ్లకు యిది మామూలు సంగతే. రాయలసీమ వాళ్లకు మాత్రం వింత.

ఆ వింత ఎక్కువ కాలం నిలవలేదు. కాలువ పూర్తయిన 1871లోనే మద్రాసు నుండి కడప మీదుగా వచ్చిన రైలు దారి రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసింది. సరుకంతా రైలెక్కింది. ఎండాకాలంలో తుంగభద్ర ఎండితే పడవ ఎక్కడిదక్కడే ఆగిపోయేది. కంపెనీ అప్పుల్లో పడింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. 1933లో పడవల రాకపోకలకు పూర్తిగా స్వస్తి చెప్పి, సాగునీటికే పరిమితం చేశారు. రెండు లక్షల అరవై వేల ఎకరాలకు పైగా ఆయకట్టుకు ప్రాణం పోసిన కాలువ కనుక ఆ నిర్ణయాన్ని తప్పు పట్టేవారు లేరు. అయితే పడవలతోపాటు మరొకటి కూడా పోయింది. పడవ ఆగే చోటు కనుక రేవును జనం ఖాళీగా వుంచేవారు. పడవే లేనప్పుడు ఖాళీ చోటు ఎవరికి కావాలి? కర్నూలు పట్టణంలో కాలువ గట్టు పొడవునా నడిచి చూస్తే జవాబు దొరుకుతుంది. ఒకచోట ఇళ్లు, ఒకచోట చెత్తకుప్ప, మరొకచోట కాలువలోకి దిగే మురుగు.

కాలువలో పడవ పోయినా నదిలో పుట్టి పోలేదు. సీమ అసలు పడవ పుట్టే. పదహారో శతాబ్దంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తోలు కప్పిన గుండ్రటి బుట్టల్లో పదిహేను ఇరవై మంది ఏరు దాటడం చూసి రాసి పెట్టాడు. గుర్రాలను, ఎద్దులను సైతం అందులోనే దాటించేవారట. నేటికీ తుంగభద్ర మీద, శ్రీశైలం వెనుక జలాల్లో బెస్తవారికి పుట్టే ఆధారం. వెదురు బద్దలు చీల్చి, బుట్ట మాదిరి అల్లి, తోలుకు బదులు యిప్పుడు గోనెపట్టా లేదా ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తారు. అలవాటు లేనివాడు తెడ్డు వేస్తే పుట్టి బొంగరంలా తిరుగుతుందే గాని ముందుకు పోదు.

పుట్టి కట్టడానికి కార్ఖానా అక్కరలేదు. నీటి పక్కన చదునైన నేల చాలు. అక్కడే బద్దలు ఆరాలి, తారు కాగాలి, తడిసిన పుట్టి బోర్లా పడాలి, వల ఎండాలి. ఆ కాస్త నేల పోతే పనివాడు వున్నా పుట్టి పుట్టదు.

గోదావరి పాయ పక్కన కోరంగిలో 1802లో ఓడలు బాగుచేసే డాక్ కట్టారు. పాయ పూడిపోయి, తుఫానులు ముంచి, ఓడలు కాకినాడకు మరలిపోయాయి. అక్కడ నీరే దూరమైంది కనుక చేసేదేమీ లేదు. మద్రాసు మెరీనా కథ వేరు. 1985లో బీచిని అందంగా తీర్చిదిద్దాలని ప్రభుత్వం తలపెట్టి, ఇసుకపై వున్న తెప్పలను, వలలను తొలగించబోయింది. జాలరులు ఎదురు తిరిగారు. పోలీసు కాల్పుల దాకా వెళ్లి ప్రాణాలు పోయాయి. నీరు అక్కడే వుంది, పడవలు అక్కడే వున్నాయి, తగువంతా మధ్యనున్న ఇసుక గురించే.

ఆ తగువు మన జిల్లాల దాకా రాదని ఎవరూ అనుకోనక్కరలేదు. పెన్నపై గండికోట జలాశయం 26.85 టి.ఎం.సి.లది. కొండపురం, తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు దానికోసం ఇళ్లూ పొలాలూ వదులుకున్నాయి. గండికోటను యాత్రాస్థలంగా పెంచేందుకు 2024లో కేంద్రం రూ. 77.91 కోట్లు మంజూరు చేసింది. జనం రావడం మంచిదే, నాలుగు చేతులకు పని దొరుకుతుంది. అయితే నీటి ఒడ్డున కట్టే ప్రతి మెట్టూ టిక్కెట్టు కొన్నవారికే అయితే, ఊరు మునిగినవాడు తన నీటికి తానే పరాయివాడవుతాడు. ఒడ్డున కొంత భాగాన్ని ఊరి రేవుగా పటంలోనే గీసి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పడవలపై కట్టుదిట్టాలు వద్దనడం కూడా సరికాదు. 2017 నవంబరులో విజయవాడ వద్ద కృష్ణలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో లాంచి మునిగి యాభై మంది దాకా బలయ్యారు. ఆ తర్వాత అనుమతులు, తనిఖీలు బిగించారు. బిగించవలసిందే. లైఫ్ జాకెట్టు పుట్టిలోనూ వుండాలి. కాని నియమం పేరుతో చిన్నవాడి రేవు మూసేస్తే వాడు చీకట్లో, మరో చోట, మెట్లు లేని ఒడ్డున పుట్టి దించుతాడు. అది మరింత ప్రమాదం.

సీమకు పడవతో పనేమిటనే ప్రశ్నకు 2009 అక్టోబరులో కర్నూలు జవాబు చెప్పింది. తుంగభద్ర, హంద్రీ పొంగి పట్టణం మునిగినప్పుడు మేడలెక్కిన జనం చూసింది పడవ కోసమే. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లపై నీరు విరుచుకుపడింది. అంత వేగంలో పడవ ఎంతమందిని కాపాడగలదో చెప్పలేం. వరద తగ్గుముఖం పట్టాక చిక్కుకున్నవారిని చేరడానికైనా తెడ్డు పట్టడం తెలిసినవాడు ఊళ్లో వుండాలి. నీళ్లు వచ్చిన రోజున ఆ పని నేర్పలేం.

రాయచోటి చుట్టుపక్కల వారికి దగ్గరి నీళ్లు రెండు. సంబేపల్లె వైపు ఝరికోన, గాలివీడు వైపు పాపాఘ్నిపై వెలిగల్లు. వెలిగల్లు నిండితే 4.64 టి.ఎం.సి.లు. గండికోట తరహా ఏర్పాట్లు రేపు వీటి గట్టుకూ రావచ్చు. పనులు మొదలయ్యాక అర్జీలు పెట్టుకుంటూ తిరగడం కంటే ముందే గ్రామసభలో తీర్మానం చేసి, చేపల సొసైటీ పుట్లు దించే చోటు, పశువులు నీళ్లు తాగే చోటు, మామూలు జనం దిగే మెట్ల చోటు సర్వే నంబర్లతో సహా తహసీల్దారుకు రాసి ఇవ్వడం తేలిక. నదులు, వాటి ఒడ్లు జనం సొత్తనీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేననీ సుప్రీంకోర్టు 1996లో కమల్‌నాథ్ కేసులో తీర్పు చెప్పింది. బియాస్ నది ఒడ్డు హోటలు చేతికి పోయిన సందర్భంలో వచ్చిన తీర్పు అది. అర్జీలో ఆ మాట చేరిస్తే బలం.

ఎండాకాలంలో వెలిగల్లు నీరు వెనక్కు తగ్గినప్పుడే ఒడ్డు ఎంత మేర వుందో కంటికి కనిపిస్తుంది. గొలుసు పట్టి కొలవడానికి అదే అదను.