డేటాబేస్ అప్‌లోడ్ చేశారు సరే, ఆ ఫైల్ డిలీట్ చేశారా?

బీటెక్ ఫైనల్ ఇయర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువసార్లు అడిగే డౌట్ ఇది: "అన్నా, ల్యాప్‌టాప్‌ల ప్రాజెక్ట్ మంచిగనే నడుస్తుంది. హోస్టింగ్‌ల పెడితే డేటాబేస్ ఎక్కుతలేదు." ఎలా ఎక్కించాలో ఇవాళ చెప్తా. కానీ ఎక్కించాక చేయాల్సిన చిన్న పని ఇంకోటి ఉంది. నేను అది మర్చిపోయాను. ముందు ఆ ముచ్చట.

2022 జులై. గోదావరికి వరదొచ్చి, బొక్కలవాగు పొంగి, మా మంథనిలోకి నీళ్లొచ్చాయి. అప్పుడు నేను హైదరాబాద్‌లో జాబ్‌లో ఉన్నా. ఊరికి రాలేను, ఖాళీగా కూర్చోలేను. ఊళ్లో ఉన్న ఫ్రెండ్స్ ఫోన్లు చేసి వివరాలు చెప్తుంటే, ఒక్క రాత్రిలో చిన్న వెబ్‌సైట్ కట్టా. ఎవరింట్లో ముసలివాళ్లు ఉన్నారు, ఎవరికి ఏ గోళీలు కావాలి, ఫోన్ నంబర్ ఏంటి. దాదాపు 200 ఇళ్ల లిస్ట్. ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. సర్వర్‌కి ఎక్కించేటప్పుడే తిప్పలు మొదలయ్యాయి.

డేటాబేస్ అంటే ఫొటో కాదు

ఫొటోని కాపీ చేసి ఇంకో ఫోల్డర్‌లో పేస్ట్ చేస్తే అయిపోతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అలా కుదరదు. అది నడుస్తూనే ఉంటుంది, డేటా చాలా ఫైళ్లలో ఉంటుంది. అందుకే ముందు ఎక్స్‌పోర్ట్ చేస్తాం. అప్పుడు డాట్ ఎస్‌క్యూఎల్ అనే ఫైల్ వస్తుంది, దీన్నే డంప్ అంటారు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. "ఈ టేబుల్ తయారు చెయ్, అందులో ఈ వరస పెట్టు" అని ఆర్డర్లు రాసి ఉంటాయి. సర్వర్ ఆ ఆర్డర్లను ఒక్కోటి చదివి, డేటాబేస్‌ని మళ్లీ కడుతుంది. దాన్నే ఇంపోర్ట్ అంటాం.

అంటే ఆ ఫైల్‌లో పేర్లు, నంబర్లు అన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. తాళం ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఎక్కడెక్కడ ఆగుతుంది?

ఒకటి, పర్మిషన్. షేర్డ్ హోస్టింగ్ అంటే హాస్టల్ లాంటిది. ఒకే సర్వర్‌లో మీలాంటి వాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ కొత్త డేటాబేస్‌ని కంట్రోల్ ప్యానెల్ నుంచే తయారు చేయాలి. మీ డంప్‌లో 'క్రియేట్ డేటాబేస్', 'యూజ్' లైన్లు ఉంటే 'యాక్సెస్ డినైడ్' అంటుంది. ఆ రెండూ తీసేయండి.

రెండు, కొలేషన్ ఎర్రర్. మీ ల్యాప్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ 8 ఉండి, హోస్ట్ దగ్గర పాత వెర్షనో, మరియాడీబీయో ఉంటే 'అన్‌నోన్ కొలేషన్' అని వస్తుంది. డంప్ కాపీలో ఆ పేరును 'యూటీఎఫ్8ఎంబీ4 యూనికోడ్ సీఐ'గా మార్చితే సరిపోతుంది.

మూడు, తెలుగు పోయి ప్రశ్నార్థకాలు రావడం. ఒక్కో తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు కావాలి. టేబుల్ గానీ కనెక్షన్ గానీ ల్యాటిన్1లో ఉంటే తెలుగుకి చోటే లేదు. రెండు చోట్లా యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి. అలా ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన తెలుగు మళ్లీ తిరిగి రాదు. పాత డంప్ ఉంటే దాన్నుంచే మళ్లీ ఎక్కించాలి.

నాలుగు, సైజు. పీహెచ్‌పీలో అప్‌లోడ్ లిమిట్ మామూలుగా 2 ఎంబీ. హోస్టింగ్ వాళ్లు కొంచెం పెంచుతారు. నా ఫైల్ మాత్రం 60 ఎంబీ దాటింది. 200 ఇళ్లకి అంత ఎందుకంటే, మందుల చీటీల ఫొటోలు కూడా డేటాబేస్ లోపలే పెట్టా. అలా చేయొద్దు. ఫొటో ఫోల్డర్‌లో ఉండాలి, దాని పేరు మాత్రమే డేటాబేస్‌లో ఉండాలి.

నేను చేసిన తప్పు

పీహెచ్‌పీమైఅడ్మిన్ ఆ ఫైల్ తీసుకోలేదు. అప్పుడు దాన్ని ఎఫ్‌టీపీతో పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లో పడేసి, చిన్న స్క్రిప్ట్‌తో ఇంపోర్ట్ చేశా. సైట్ నడిచింది. నేను పడుకున్నా. ఫైల్ అక్కడే ఉండిపోయింది.

ఆ ఫోల్డర్ అంటే మన ఇంటి బయటి అరుగు. అక్కడ ఏది పెట్టినా, పేరు తెలిసిన వాళ్లెవరైనా తీసుకుపోవచ్చు. నా ఫైల్ పేరు బ్యాకప్ డాట్ ఎస్‌క్యూఎల్. ఈ పేరు ఊహించడానికి హ్యాకర్ అక్కర్లేదు. బ్యాకప్, డంప్, డీబీ లాంటి పేర్లు పెట్టి సైట్లన్నీ వెతికే బాట్స్ రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి.

నాలుగు నెలల తర్వాత మా వాడకట్టు పెద్దమ్మ ఫోన్ చేసింది. ఎవడో "మీకు వరద సాయం వచ్చింది, ఓటీపీ చెప్పండి" అన్నాడట. పేరు, వీధి, చివరికి ఆమె వేసుకునే మందు కూడా చెప్పాడట. ఓటీపీ చెప్పలేదు, ఆమె తెలివైంది. నన్ను మాత్రం ఒక్కటే అడిగింది: "నా షుగర్ గోళీల ముచ్చట వానికెట్ల తెల్సు బిడ్డా?"

అప్పుడు వెలిగింది. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, సైట్ అడ్రస్ పక్కన ఆ ఫైల్ పేరు కొట్టా. డౌన్‌లోడ్ మొదలైంది. సర్వర్ లాగ్స్ చూస్తే కొన్ని రోజులవే మిగిలాయి. ఆ కొన్ని రోజుల్లోనే ఎవరెవరో ఆ ఫైల్‌ని తీసుకెళ్లారు. ఆ కాల్ నా ఫైల్ వల్లే వచ్చిందని రుజువు చేయలేను. కాదని కూడా అనలేను. ఫైల్ తీసేసి, రెండు రోజులు కూర్చుని ఆ ఇళ్లన్నిటికీ ఫోన్ చేసి చెప్పా. కొందరు తిట్టారు. పడ్డాను.

పెద్దవాళ్లూ చేశారు

2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక రిపోర్ట్ ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టల్స్‌లో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని అంచనా వేసింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ చెల్లింపుల పోర్టల్, చంద్రన్న బీమా. వాళ్లు ఏ తాళమూ పగలగొట్టలేదు. అందరికీ తెరిచి ఉన్న పేజీల్లో ఉన్నవే చూశారు.

2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో, డేటాకి తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

మరి ఎలా చేయాలి?

డంప్‌ని జిప్ చేయండి. టెక్స్ట్ కాబట్టి బాగా తగ్గుతుంది, పీహెచ్‌పీమైఅడ్మిన్ జిప్‌ని నేరుగా తీసుకుంటుంది. అయినా పెద్దదే అయితే, పబ్లిక్ ఫోల్డర్ బయట, మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టి టెర్మినల్ నుంచి ఇంపోర్ట్ చేయండి. వరసల లెక్క సరిపోయిందో చూడండి. వెంటనే ఫైల్ తీసేయండి, ఇంపోర్ట్ స్క్రిప్ట్ కూడా. ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ ఉంచుకోండి.

క్లౌడ్ అయితే ఈ హాస్టల్ వార్డెన్ కూడా ఉండడు, అన్నీ మీరే చూసుకోవాలి. డేటాబేస్ పోర్ట్ 3306ని లోకమంతటికీ తెరవొద్దు. అమెజాన్ ఎస్3లో 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లకి పబ్లిక్ యాక్సెస్ మొదటి నుంచే మూసి ఉంటుంది. ఎవరో వీడియోలో చెప్పారని దాన్ని తెరవకండి. ఫైర్‌బేస్‌లో 'టెస్ట్ మోడ్' అంటే ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు అని అర్థం. గిట్‌హబ్‌లో డంప్ పెట్టి తర్వాత డిలీట్ చేసినా, పాత హిస్టరీలో అది అలాగే ఉంటుంది.

ఇప్పుడే ఒక పని చేయండి. మీ ప్రాజెక్ట్ సైట్ అడ్రస్ పక్కన మీ డంప్ ఫైల్ పేరు కొట్టి చూడండి. డౌన్‌లోడ్ అయితే ముందు దాన్ని తీసేయండి, తర్వాత అందులో పేర్లున్న వాళ్లకి చెప్పండి. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే 1930కి వెంటనే ఫోన్ చేయమనండి.

వచ్చే ఎపిసోడ్‌లో బ్యాకప్‌కి పాస్‌వర్డ్ ఎలా పెట్టాలో చూద్దాం. ఉంటా మరి.