అచ్చయిన చివరి పంక్తి

పెద్దల మోతాదు నుంచి పిల్లల మోతాదును రాబట్టే పాత పద్ధతుల్లో క్లార్క్ సూత్రం ఒకటి. పౌండ్లలో బిడ్డ బరువును 150తో భాగించి, పెద్దల మోతాదుతో గుణించాలి. 50 పౌండ్ల బిడ్డకు, పెద్దల మోతాదు 500 మిల్లీగ్రాములైతే, సుమారు 167 రావాలి. సి భాషలో అన్నిటినీ పూర్ణాంకాలుగా ప్రకటించి ఇదే వరుసలో రాస్తే సున్న వస్తుంది. సూత్రం సరైనదే గనుక ఎన్నిసార్లు చదివినా తప్పు కంటికి ఆనదు. భాగహారం కాగానే ఒక ప్రింట్‌ఎఫ్ వాక్యం చేర్చి, నిష్పత్తి విలువను దాని పేరుతో సహా అచ్చు వేయిస్తే గుట్టు బయటపడుతుంది: భిన్నం అక్కడే సున్నగా మారింది. ముందు గుణించి తరువాత భాగిస్తే 166 వస్తుంది. దశాంశాలు కావాలంటే చలరాశుల రకమే మార్చాలి.

డిబగ్గర్లుండగా ఇది మోటు పద్ధతే, కానీ పనికొస్తుంది. చిక్కల్లా అచ్చును గుడ్డిగా నమ్మడంలో ఉంది. ప్రింట్‌ఎఫ్ పంపినది తెరమీదికైతే సాధారణంగా పంక్తి ముగియగానే వస్తుంది. ఫైలులోకి మళ్ళిస్తే బఫర్ నిండేదాకా ఆగుతుంది. ఈలోగా ప్రోగ్రాము కూలిపోతే ఆ పంక్తులూ దానితోపాటే పోతాయి. అప్పుడు కనిపించే చివరి పంక్తి తరువాత ప్రోగ్రాము ఎంతో దూరం నడిచి ఉండవచ్చు. వెతుకులాట మాత్రం ఆ పంక్తి దగ్గరే మొదలవుతుంది. జాడ తీసే వాక్యాలను స్టాండర్డ్ ఎర్రర్‌కు పంపడమో, ప్రతిదాని వెంట ఎఫ్‌ఫ్లష్‌ను పిలవడమో అందుకే.