ఆపరేషన్ గంటసేపు, కాపలా 14 రోజులు

చిత్తకార్తె అక్టోబరు 10, 11 తేదీల్లో వచ్చి 23 ప్రాంతంలో వెళ్లిపోతుంది. తిరుపతి, చిత్తూరు వీధుల్లో నాలుగైదు మగకుక్కలు ఒక ఆడకుక్క వెంటపడి తిరిగేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. కుక్క చూడితో ఉండేది సగటున 63 రోజులు. లెక్కేస్తే డిసెంబరు రెండో వారం నుంచి చివరి వారం లోపు ఈనుతుంది. వానల తడి పూర్తిగా ఆరకముందే, ధనుర్మాసం చలిలో, కల్వర్టు కిందో, కట్టుబడి ఇంటి ముందు పోసిన ఇసుక కుప్పలోనో ఐదారు పిల్లలు పుడతాయి. సంక్రాంతికి అవి కళ్లు తెరిచి రోడ్డు మీదికి వస్తాయి.

వాటిలో ఎన్ని బతుకుతాయి? పశ్చిమ బెంగాల్‌లో 364 వీధికుక్క పిల్లలను పుట్టుక నుంచి గమనించిన పరిశోధకులు 2016లో ఫలితాలు ప్రచురించారు. పిల్లలు కనే వయసుదాకా, అంటే సుమారు ఏడు నెలలదాకా, నిలిచినవి 100కు 19. మరణాల్లో 63 శాతం మనుషుల మూలంగా జరిగినవే. బండ్ల కింద పడటం, విషం, దెబ్బలు, తల్లి దగ్గర్నుంచి ఎత్తుకుపోవడం.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎందుకు చేయించాలో చెప్పేటప్పుడు చాలామంది వాడే అంకె వేరే ఉంది. ఒక్క ఆడకుక్క, దాని సంతానం కలిసి ఆరేళ్లలో 67,000 కుక్కలవుతాయని గోడపత్రికల మీద కూడా కనిపిస్తుంది. పుట్టిన ప్రతి పిల్లా బతికి, ప్రతి ఆడపిల్లా ఏడాదికి రెండుసార్లు ఈనితే తప్ప అంత లెక్క రాదు. జైపూర్ వీధుల్లో చేసిన అధ్యయనం ప్రకారం ఏడాదిలో ఈనేది దాదాపు సగం ఆడకుక్కలే, ఈతకు 5 నుంచి 6 పిల్లలు. ఆ లెక్కకు బెంగాల్ మరణాల లెక్క కలిపితే, సుమారుగా ఒక తల్లికి రెండేళ్లలో ఐదారు పిల్లలు పుట్టి, ఒకటి నిలుస్తుంది. ఒకటి నిలవడానికి నాలుగు చచ్చిపోతున్నాయి. ఆపరేషన్ చేయించమని చెప్పడానికి నాకు ఈ నాలుగు చాలు. 67,000 అక్కర్లేదు.

చిత్తకార్తె రాకముందే ముగించాలి కాబట్టి ఈ పనికి మంచి అదను జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా. చిత్తకార్తె దాటాక ఆపరేషన్లకు బయలుదేరితే దొరికే కుక్కల్లో చాలావరకు అప్పటికే చూడితో ఉంటాయి. చూడి కుక్కకు గర్భసంచి పెద్దదై రక్తనాళాలు లావెక్కుతాయి. రక్తం ఎక్కువ పోతుంది, సమయమూ ఎక్కువ పడుతుంది.

ఇంటి కుక్క విషయానికొద్దాం. ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య మొదటిసారి ఎదకు వస్తుంది. తర్వాత ప్రతి ఆరేడు నెలలకూ ఒకసారి. ఎద ఉండేది దాదాపు మూడు వారాలు. మొదటి 9 రోజులు రక్తం కనిపిస్తుంది కానీ మగకుక్కను దగ్గరకు రానివ్వదు. రానిచ్చేది తర్వాతి 9 రోజుల్లో. అప్పటికి రక్తపు చారలు పలచబడతాయి కాబట్టి అంతా అయిపోయిందనుకుని చాలా ఇళ్లలో గేటు తీసేస్తారు. చూడి కట్టేది అప్పుడే.

“పాపం, ఒక్క ఈతన్నా ఈననియ్యాల గదా” అనే మాట మన వైపు తరచూ వినిపిస్తుంది. ప్రేమతోనే అంటారు. కానీ ఒకసారి ఈనితే కుక్కకు ఆరోగ్యపరంగా కలిసొచ్చేదేమీ లేదు. కలిసిరానిది మాత్రం ఉంది. ప్రతి ఎద తర్వాత రెండు నెలలపాటు గర్భసంచి ఒక హార్మోను ప్రభావంలో ఉంటుంది. ఆ కాలంలో సూక్ష్మజీవులు చేరితే సంచి నిండా చీము పడుతుంది. దీన్ని పయోమెట్రా అంటారు. ఆడకుక్కలకు ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువగా ఉండిన స్వీడన్‌లో బీమా రికార్డులు చూస్తే, పదేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి నాలుగు ఆడకుక్కల్లో ఒకదానికి ఈ జబ్బు వచ్చింది. అప్పుడైనా చేయాల్సింది అదే ఆపరేషన్. కాకపోతే జ్వరంతో, విషం ఒంటికెక్కిన కుక్కకు చేయాలి. బ్రిటన్‌లో 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న కుక్కలు మత్తు కారణంగా చనిపోయింది 2,000కు 1. జబ్బుతో ఉన్నవాటిలో అది సుమారు 75కు 1. ఆపరేషన్ అంటే భయపడి వాయిదా వేసేవాళ్లు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక.

రొమ్ము గడ్డల లెక్క ఇంకొకటి. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేస్తే ముప్పు, ఆపరేషన్ చేయని కుక్కకు ఉండే ముప్పులో 0.5 శాతమే, ఒక ఎద తర్వాతైతే 8, రెండోదాని తర్వాతైతే 26 శాతం అని 1969లో అమెరికాలో తేల్చారు. ఇప్పటికీ డాక్టర్లు చెప్పేది ఈ అంకెలే. ఆ పాత ఆధారాలు అంత గట్టివి కావని 2012లో ఒక సమీక్ష చెప్పింది. కాబట్టి ఈ ఒక్క లెక్కనే పట్టుకుని తొందరపడనక్కర్లేదు. 20 కిలోల లోపు పెరిగే జాతులకు, మన నాటు కుక్కలకు ఐదారు నెలల వయసు సరిపోతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద ఒళ్లున్న జాతులకు ఎముకలు, కీళ్లు కుదురుకునేదాకా, ఏడాది దాటేదాకా ఆగుదామని డాక్టరు అనవచ్చు. ఎదలో ఉంటే రెండు మూడు నెలలు ఆగాలి. ఈని ఉంటే పిల్లలు పాలు మానేసి, పొదుగు ఎండిపోయాకే చేయించాలి. ఎద రాకుండా హార్మోను ఇంజెక్షన్లు వేయించే దారి మాత్రం వద్దు. పయోమెట్రాకూ రొమ్ము గడ్డలకూ అవి తలుపు తీస్తాయి.

తిరుపతికి ఈ విషయంలో ఒక బలం ఉంది. 1955లో మొదలైన పశువైద్య కళాశాల, దాని మీద 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి. చదువుతో పాటు చికిత్సా సాగే ఆస్పత్రి అక్కడ ఉంది. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లకు మాత్రం దాదాపు 70 కిలోమీటర్ల ప్రయాణం. మత్తు పూర్తిగా దిగి, కుక్క తనంతట తాను నిలబడేదాకా తిరుగు ప్రయాణం పెట్టుకోకూడదు. వచ్చేటప్పుడు స్కూటరు ముందు నిలబెట్టుకుని తెచ్చినా, వెళ్లేటప్పుడు ఆటోనో కారో మాట్లాడుకోండి. ఎండాకాలంలో పాదరసం 40 డిగ్రీలు దాటే ఊరు ఇది. తప్పనిసరై మే నెలలో చేయిస్తే పొద్దున్నే చేయించి, పగలు నీడపట్టునే ఉంచాలి.

ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష అడిగి చేయించండి. మన ప్రాంతంలో పిడుదులు లేని వీధి లేదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం పైకి కనిపించకుండానే ప్లేట్‌లెట్లను తగ్గించేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అవి దాదాపు 2 నుంచి 5 లక్షలుంటాయి. బాగా తగ్గినప్పుడు కోత పెడితే రక్తం ఆగదు. జ్వరం తేలితే సాధారణంగా నాలుగు వారాల డాక్సీసైక్లిన్ వాడి, లెక్క సరయ్యాక ఆపరేషన్ పెట్టుకుంటారు. నెల ఆలస్యమైందని బాధపడొద్దు. ముందురోజు రాత్రి మామూలుగా తిననిచ్చి, పొద్దున కడుపు ఖాళీగా తీసుకెళ్లాలి. ఎన్ని గంటల ముందు తిండి ఆపాలో, నీళ్లు ఎప్పుడు తీసేయాలో వయసును బట్టి డాక్టరు చెబుతారు. చిన్న కుక్కపిల్లలను ఎక్కువసేపు పస్తు పెట్టకూడదు.

లోపల జరిగేది ఇదీ: రెండు అండాశయాలను, గర్భసంచిని కట్టి, కోసి తీసేస్తారు. కోత పొట్ట మధ్యలోనో, కుడి డొక్కలోనో ఉంటుంది. వీధికుక్కలకు డొక్క కోతను ఎంచుకునేవాళ్లు ఎక్కువ, దూరం నుంచే పుండు కనిపిస్తుందని. బల్ల మీద గడిచేది గంట, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అక్కడితో డాక్టరు పని చాలావరకు అయిపోతుంది. మిగతా 14 రోజులు ఇంటివాళ్లవి.

మొదటి రాత్రి

ఇంటికి తెచ్చిన రాత్రి కుక్క వణుకుతుంది, మూలుగుతుంది, మిమ్మల్ని గుర్తుపట్టనట్టు చూస్తుంది. అది మత్తు ప్రభావం. మంచం మీద కాదు, నేల మీద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టండి. దొర్లి పడకూడదు. పైన ఇంకో దుప్పటి కప్పండి, ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వద్దు. తల నిలబెట్టగలిగాక గుక్కెడు నీళ్లు. కక్కకపోతే మామూలుగా పెట్టేదాంట్లో పావు వంతు తిండి. పలచటి పెరుగన్నం చాలు. ఎముకలు, బిరియానీ ఆ వారం ఊసెత్తొద్దు.

చూడాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకుండా, చిగుళ్లు పాలిపోయి, పొట్ట ఉబ్బుతూ, కుక్క లేవలేకపోతుంటే లోపల రక్తం పోతున్నట్టు అనుమానించాలి. పొద్దుటిదాకా ఆగొద్దు, ఆ క్షణమే తీసుకెళ్లండి. 24 గంటల్లో ఒకసారైనా మూత్రం పోయాలి. మలం రెండు మూడు రోజులు రాకపోయినా కంగారు లేదు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. మన చేతికి వెచ్చగా తగిలిందని జ్వరమనుకోకూడదు. 103 దాటి అలాగే ఉంటే డాక్టరుకు చెప్పాలి.

నొప్పి మందు దగ్గర చాలా జాగ్రత్త కావాలి, ఎందుకంటే ప్రేమతో చేసే హాని ఇక్కడే ఎక్కువ. కుక్కలకు ఎక్కువగా రాసేది మెలాక్సికాం. మొదటి రోజు తర్వాత కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు. 15 కిలోల కుక్కకు అది 1.5 మిల్లీగ్రాములు. మందుల షాపులో మనుషులకు అమ్మే పెద్ద మాత్ర 15 మిల్లీగ్రాములు. ఒక్క మాత్ర వేస్తే పది రోజుల మందు ఒక్కసారే వేసినట్టు. కడుపులో పుండ్లు పడి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఐబుప్రోఫెన్ అసలు వద్దు. పారాసెటమాల్ కూడా డాక్టరు చెప్పకుండా వేయొద్దు.

తర్వాతి రోజులు

మూడో రోజుకు కుక్క హుషారుగా లేస్తుంది. ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. పైన అతికిన చర్మం చూసి నయమైందనుకుంటాం. లోపలి పొరకు బలం రావడానికి ఇంకా రోజులు పడుతుంది. మేడమెట్లు ఎక్కడం, మంచం మీదికి దూకడం, గేటు దగ్గర పిల్లి కోసం పరుగు, ఇవన్నీ 10 నుంచి 14 రోజులదాకా ఆపాలి. బయటికి తీసుకెళ్లేది గొలుసుతోనే, ఒంటికీ రెంటికీ మాత్రమే. కుట్లు నమలకుండా మెడకు శంకువు ఆకారపు కాలరు తప్పనిసరి. జాలిపడి రాత్రి తీసేస్తే తెల్లారేసరికి కుట్లు నమిలేస్తుంది. శంకువుకు అసలే అలవాటు పడకపోతే చిన్నపిల్లల పాత బనియను తొడిగి, వెనకవైపు ముడేయవచ్చు. అది తడవకుండా చూసుకుంటూ రోజూ మార్చాలి.

పుండును రోజుకు రెండుసార్లు చూడండి, ముట్టుకోకుండా. కాస్త వాపు, లేత ఎరుపు మొదటి మూడు నాలుగు రోజులు సహజం. చీము, దుర్వాసన, అంచులు విడిపోవడం, రోజురోజుకూ పెరిగే గడ్డ సహజం కాదు. మన ఇళ్లలో గాయం అనగానే చేయి పసుపు డబ్బా మీదికి పోతుంది. పసుపు, కొబ్బరినూనె, వేపాకు ముద్ద ఏదీ కుట్ల మీద పెట్టొద్దు. తేమ పట్టి కుట్లు నానిపోతాయి. కుట్లు తీసేదాకా స్నానం లేదు. మన ఊళ్లలో ఇంకో శత్రువు ఈగ. తడిసిన పుండు మీద వాలి గుడ్లు పెడితే ఒక్క రోజులోపే పురుగులు పడతాయి. అందుకే మొదటి వారం పశువుల కొట్టం పక్కన, చెత్తకుప్ప దగ్గర కట్టేయొద్దు. 10 నుంచి 14 రోజుల మధ్య కుట్లు తీయిస్తారు. కరిగిపోయే దారంతో వేసినా ఆ రోజు వెళ్లి చూపించి రావాలి.

తర్వాత వచ్చే మార్పు నెమ్మదిగా వస్తుంది. ఆకలి పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. 15 కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 960 కేలరీలు కావాల్సిన చోట ఆపరేషన్ తర్వాత 850 చాలు. తేడా 75, 80 గ్రాముల అన్నం. రోజూ ఆ గుప్పెడు తగ్గించి, నెలకోసారి తూకం వేస్తే ఒళ్లు రాదు. కొన్ని కుక్కలకు, ముఖ్యంగా 20 కిలోలు దాటినవాటికి, నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో నిద్రలో మూత్రం కారడం కనిపిస్తుంది. రకరకాల అధ్యయనాల్లో ఇది 100కు 5 నుంచి 20దాకా ఉంది. ఆపరేషన్‌కు నిజంగా ఉన్న చెడు ఫలితాల్లో ఇదొకటి. దీనికి మందులున్నాయి. కుక్కను కొట్టడం, బయటికి తోసేయడం మందు కాదు.

వీధి మొత్తానికి

ఒక్కో కుక్కతో ఊరి లెక్క మారదు. చెన్నైలో 1959లో పుట్టిన జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ తరఫున చిన్నీ కృష్ణ, కుక్కలను చంపడం మాని ఆపరేషన్ చేద్దామని 1964లోనే అడిగారు. నగరపాలక సంస్థ ఆ దారి పట్టింది 1996లో. జైపూర్‌లో 1994 నుంచి 2002దాకా దాదాపు 25,000 కుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకా చేస్తే, ఆడకుక్కల్లో 65 శాతానికి పూర్తయింది. ఆ ప్రాంతంలో కుక్కలు 28 శాతం తగ్గాయి, మనుషుల రేబిస్ కేసులు సున్నాకు వచ్చాయి. రేబిస్ ఆగాలంటే కనీసం 70 శాతం కుక్కలకు టీకా అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. వీధిలో పది కుక్కలుంటే ఏడు. మూడింటికి చేసి ఫొటోలు దిగితే సరిపోదు.

2023 మార్చి 10న వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్, టీకా అయిన కుక్కను పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ మినహా. అదే ఏడాది నవంబరు 7న మాత్రం బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దంది.

వదిలిన కుక్క చెవి కొసన చిన్న గాటు ఉంటుంది. దానికి ఆపరేషన్ అయిందని చెప్పడానికే ఆ గాటు. రేబిస్ టీకా ఎప్పుడు వేశారో అది చెప్పదు, ఆ టీకాను ఏటా మళ్లీ వేయించాలి. వీధిలో రోజూ అన్నం పెట్టే ఒక ఇల్లు ఆ తేదీని గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకుని, ఏడాది తిరిగేలోపు పశువుల ఆస్పత్రికి కబురు చేస్తే చాలు.